చిన్నోడు తీసిన ఫొటో

నేను ఒక కెమెరాని. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నన్ను చూసినవాళ్ళలో సగం మంది ఆ సంగతి నమ్మరు. సబ్బుపెట్టె అనుకున్నవాళ్ళున్నారు. రేడియో అనుకుని చెవి దగ్గర పెట్టుకున్న పెద్దమనిషి కూడా ఒకాయన ఉన్నాడు. అరచేతిలో ఒదిగిపోతాను. కొంగుచాటున దాచినా, హ్యాండ్‌బ్యాగులో పడేసినా కిక్కురుమనను. కానీ నా ఒంటికీ కంటికీ పొంతన లేదు. సెన్సార్ అంటారే, వెలుతురు వచ్చి పడే బిళ్ళ, మా జాతికి అదే కంటిపాప. నాలాంటి బుల్లి కెమెరాల్లో మామూలుగా అది చిటికెనవేలి గోరంత ఉంటుంది. నాకు మాత్రం పెద్ద కెమెరాల్లో పెట్టేదే పెట్టారు. అందుకు గర్వపడ్డానా అంటే, పడ్డాను. ఎవరూ గుర్తించని గొప్పతనం ఉన్నవాడు తన గురించి తనే చెప్పుకోవాలి, వేరే దారి లేదు.

సముద్రాల అవతల ఎక్కడో, దుమ్ము కూడా చొరబడని గదిలో నన్ను కూర్చారు. మొహానికి గుడ్డ కట్టుకున్న ఒక అమ్మాయి నా లెన్సుని సెన్సార్ ముందు అమర్చి, ఇక ఊడిరాకుండా బిగించేసింది. అంతే, పుట్టినప్పుడు పెట్టిన లెన్సే చచ్చేదాకా. దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాక్కోవడం నాకు రాదు. దేన్నయినా దగ్గరగా చూడాలంటే దాని దగ్గరికి నేనే వెళ్ళాలి. ఈ గుణం మనిషిలో ఉంటే మెచ్చుకుంటారు, కెమెరాలో ఉంటే లోపమంటారు.

నన్ను కొన్నది మండపేటలో పెళ్ళి ఫొటోలు తీసే సూరిబాబు. మార్కెట్ రోడ్డులో అతనికి చిన్న స్టూడియో ఉంది. జేబులో పెట్టుకుని తిరగొచ్చు, ఫొటో మాత్రం పెద్ద కెమెరాతో తీసినట్టే వస్తుంది అని ఎక్కడో విని, ముచ్చటపడి తెచ్చుకున్నాడు. మొదటి వారం నన్ను తలగడ పక్కన పెట్టుకుని పడుకున్నాడు. ఆ మోజు మొదటి పెళ్ళిలోనే వదిలింది. మండపంలో నన్ను పైకి తీయగానే పెళ్ళికూతురి మేనమామ నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు.

"ఏవయ్యా సూరిబాబూ, కెమెరా మర్చిపోయి వచ్చేవా?"

"ఇదేనండి కెమెరా. లోపల సెన్సారు పెద్దదండి."

"లోపలుంటే ఎవడికి కనపడుద్దయ్యా? మేం ఫొటోగ్రాఫర్ని పిలిచేం గాని, సెల్ఫీలు తీసుకునే కుర్రోణ్ణి కాదు."

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. సూరిబాబు చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజు నాతో తీసిన ఫొటోల్లో ఒక్కటి కూడా చెడిపోలేదు, అయినా ఆల్బమ్ ఇచ్చేటప్పుడు అతను తలెత్తుకోలేకపోయాడు. మా ఊరి పెళ్ళివాళ్ళకి ఫొటో తర్వాత సంగతి. ఫొటోగ్రాఫర్ మెడలో వేలాడేది ముందు కనపడాలి. దాని పొడుగుని బట్టే ఆయనకి కుర్చీ వేయాలా, కాఫీ ఇవ్వాలా, పక్కకి జరగమనాలా అన్నది తేలుతుంది.

పది రోజులు తిరక్కుండా ఇంటికి మిర్రర్‌లెస్ కెమెరా వచ్చింది. ఇంట్లో వాడికి పెద్దోడని పేరు పడింది, నాకు చిన్నోడని. వాడి సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. వాడు చేతకానివాడేం కాదు. లెన్సులు మారుస్తాడు. కల్యాణ మండపం ఈ చివర నిలబడి ఆ చివర పెళ్ళికొడుకు ముక్కు మీది చెమట చుక్కని తీయగలడు. తలంబ్రాలు ఎగిరేటప్పుడు నేను తడబడితే వాడు గింజ గింజనీ పట్టుకుంటాడు. నా బ్యాటరీ మధ్యాహ్నం భోజనాలకి ముందే నీరసపడుతుంది, వాడిది అప్పగింతల దాకా నిలుస్తుంది. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ వాడి సెన్సారూ నా సెన్సారూ పక్కపక్కన పెడితే వెంట్రుకవాసి తేడా లేదు. ఇంకో సంగతి ఎవరికీ తెలియదు. మిర్రర్‌లెస్ అంటే లోపలి అద్దం తీసేసిన జాతి కాబట్టి వాడి అసలు ఒళ్ళు కూడా చిన్నదే. పెట్టెలోంచి తీసినప్పుడు సూరిబాబు మొహం వాడిపోయింది. వెంటనే కింద ఒక బ్యాటరీ పిడి తగిలించి, ముందు అన్నిటికన్నా పొడుగు లెన్సు బిగించి, దాని మూతికి ఒక గొట్టం తొడిగాడు. అప్పుడు కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. మరుసటి పెళ్ళిలో అదే మేనమామల జాతి వాళ్ళు సూరిబాబుకి రెండుసార్లు కాఫీ ఇచ్చారు.

నన్ను వంటింటి అలమారలో పెట్టేశారు. అక్కడి నుంచి నన్ను బయటికి తీసింది సూరిబాబు భార్య, మంగతాయారు.

అందరూ తాయారు అంటారు. పెళ్ళిళ్ళకి భర్త వెంట వెళ్ళి పెళ్ళికూతురి కుచ్చిళ్ళు సర్దడం, లైటు పట్టుకోవడం ఆమె పని. ఈ మధ్య పెళ్ళివాళ్ళు కొత్త కోరిక కోరడం మొదలుపెట్టారు. పెళ్ళికూతుర్ని చేసే రోజు, నలుగు పెట్టడం దగ్గర్నుంచి తలంటు, జుట్టు ఆరబెట్టడం దాకా అన్నీ ఆల్బమ్‌లో ఉండాలంటారు. మరి ఆ గదిలోకి మగవాడు వెళ్ళకూడదు. గుమ్మానికి అడ్డంగా చీర కట్టేస్తారు. ఫొటోలు కావాలి, ఫొటోగ్రాఫర్ వద్దు. ఈ చిక్కు విప్పడానికి సూరిబాబు భార్యని పంపించాడు. పెద్దోణ్ణి చేతికివ్వడానికి మాత్రం మనసొప్పలేదు. "చిన్నోణ్ణి పట్టుకెళ్ళు, ఏవో నాలుగు నొక్కుకొచ్చెయ్" అన్నాడు.

తాయారు పని చేసే తీరు లాంటిది నేనింకెక్కడా చూడలేదు. గదిలోకి వెళ్ళగానే నన్ను బయటికి తీసేది కాదు. ముందు కొంగు బిగించి, ఎవరి చేతిలోంచో సున్నిపిండి గిన్నె తీసుకుని నలుగు కలిపేది. పూలు మాలకట్టేది. పేరంటాళ్ళతో పాట అందుకునేది. ఆమె ఫొటోలు తీయడానికి వచ్చిందన్న సంగతి వాళ్ళు పూర్తిగా మర్చిపోయాక, పసుపు చేతిని చీర చెంగుకి తుడుచుకుని, నన్ను మెల్లగా తీసేది. నాకు చప్పుడు లేదు. గొట్టం మూతి లేదు. ఇరుకు గదిలో అందరి మోకాళ్ళ మధ్య కూర్చుని తీయడానికి నాకున్న ఒక్క లెన్సే సరిపోయేది. ఆడవాళ్ళు తమలో తాము ఉన్నప్పుడు ఎలా ఉంటారో, అలాగే నాలోకి వచ్చేవారు. నా మీద పసుపు మరకలు పడ్డాయి. బటన్ సందుల్లో సున్నిపిండి ఇరుక్కుంది. అంత సుఖంగా నేనెప్పుడూ లేను.

ఆల్బమ్‌లు తిరగేసినవాళ్ళంతా ఆ పేజీల దగ్గరే ఆగేవారు. ఒకరోజు తాయారు ఉల్లిపాయలు తరుగుతూ భర్తని అడిగింది.

"ఏవండీ, ఆ లోపలి ఫొటోలకాడ నా పేరెయ్యకూడదా? చిన్నచ్చరాలే. అడుగునెక్కడో."

సూరిబాబు నవ్వాడు. "నీ పేరేత్తే స్టూడియో ఎవరిదనుకుంటారు? అయినా మనిద్దరికీ వేరేముందే?"

తాయారు మళ్ళీ అడగలేదు. తరిగిన ఉల్లిపాయలు మాత్రం చాలాసేపు అలాగే ఉండిపోయాయి. ఆ రోజు నుంచి నాకు ఒకటే కోరిక పట్టుకుంది. ఆమె పేరు ఎక్కడో ఒకచోట పడాలి, ఆ పక్కన నా పేరు కూడా పడాలి. తీసిన చెయ్యీ, చూసిన కన్నూ మేమిద్దరమే కదా.

ఇక ఆ ఫొటో సంగతి. పెళ్ళికూతురు హిమజ. ఆమె నాయనమ్మ వీరరాఘవమ్మ గారు. తలంటు అయ్యాక నిప్పుల కుంపటి మీద వెదురుబుట్ట బోర్లించి, సాంబ్రాణి వేసి, హిమజ జుట్టు దాని మీద ఆరబోశారు. నాయనమ్మ వేళ్ళతో చిక్కు తీస్తోంది. తీస్తూ తీస్తూ వంగి మనవరాలి చెవిలో ఏదో అంది. హిమజ పొగలోంచి తలెత్తి పకపకా నవ్వింది. అదే క్షణంలో నాయనమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కిటికీలోంచి పొద్దుటి ఎండ వచ్చి పొగలో నిలబడింది. తాయారు ఊపిరి బిగబట్టింది, ఆ సంగతి నాకు ఆమె వేళ్ళలో తెలిసింది. ఒక్కసారే నొక్కింది. రెండోది తీయలేదు, తీస్తే అత్యాశ అవుతుందనుకుందో ఏమో.

ఆ తర్వాతి వర్షాకాలంలో ఊరి ఫొటోగ్రాఫర్ల సంఘం వాళ్ళు పోటీ పెట్టారు. "మన హిమజ ఫొటో పంపించానే" అన్నాడు సూరిబాబు. మన అన్న మాట విన్న దగ్గర్నుంచి తాయారు కూనిరాగం తీస్తూనే ఉంది. బహుమతులిచ్చే సభ రోజున కొత్త ఉప్పాడ చీర కట్టుకుంది. నా మీది పసుపు మరకలు తడిగుడ్డతో తుడిచి, "నువ్వు కూడా రారా చిన్నోడా, నీదే కదా ఫొటో" అని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. ఆ మాట నేను నమ్మాను. నమ్మడమే నా తప్పయితే, అవును, నాదే తప్పు.

బ్యాగులో ఉన్నవాడికి అన్నీ ఎలా తెలిశాయని అడుగుతారేమో. నాకు మైకు కూడా ఉంది. అదీగాక జిప్పు సగం తెరిచే ఉంది. గోడ మీద ఆ ఫొటో నిలువెత్తున వేలాడుతోంది. తాయారు దాని ముందు నిలబడి కింద రాసింది చదివింది. ఛాయాచిత్రం సూరిబాబు అని ఉంది. దాని పక్కనే కెమెరా పేరు, పెద్దోడిది. ఆమె బ్యాగుని పొట్టకి అదుముకుంది. నా ఎముకలు, అంటే నాకు ఉన్నవేవో, కటకటలాడాయి. ఆమె వెళ్ళి రెండో వరసలో కూర్చుంది.

మొదటి బహుమతి ఆ ఫొటోకే వచ్చింది. ఫొటోలో ఉన్నవాళ్ళని కూడా పిలిచి సన్మానం చేయడం ఆ సంఘం వాళ్ళ ఆనవాయితీ. అందుకని వీరరాఘవమ్మ గారూ, హిమజా, హిమజ మామగారూ ముందు వరసలో ఉన్నారు. సూరిబాబు మెడలో పెద్దోణ్ణి వేలాడదీసుకుని వేదికెక్కాడు. శాలువా కప్పారు. రెండు మాటలు మాట్లాడమన్నారు. రెండు మాటలతో ఆగితే బాగుండేది.

"ఇది ఊరికే వచ్చిన ఫొటో కాదండి. ఆ పొగలో ఎండెలా పడుద్దో చూసుకుంటా, గుమ్మంకాడ గంటసేపు మోకాళ్ళ మీద కూచున్నానండి. అమ్మాయి ఎప్పుడు నవ్వుద్దా అని కన్నార్పలేదండి."

చప్పట్లు కొట్టారు. హాల్లో ఉన్న మగవాళ్ళెవరికీ అందులో తేడా తెలియలేదు. ఆడవాళ్ళ వైపు మాత్రం చప్పట్లు సగంలో ఆగిపోయాయి. వీరరాఘవమ్మ గారు కుర్చీ వెనక్కి తోసి లేచింది.

"ఆగవయ్యా సూరిబాబూ. ఏ గుమ్మంకాడ కూచున్నావు? ఆడపిల్ల తలంటు పోసుకుని జుట్టు విరబోసుకుంటే గంటసేపు చూస్తా కూచున్నావా? గుమ్మానికి చీర కట్టింది నేను. దాని మేనమావనే లోపలికి రానివ్వలేదు!"

హిమజ మామగారు గొంతు సవరించుకుని, "ఏంటండీ ఇది? మా కోడలున్న గదిలోకి ఈయన వచ్చేడా?" అన్నాడు. హిమజ తల దించుకుంది. అప్పుడు అర్థమైంది సూరిబాబుకి తను ఏ గోతిలో పడ్డాడో. గదిలో ఉన్నానంటే ఇక ఆ ఊళ్ళో ఏ పెళ్ళికీ పిలవరు. లేనంటే బహుమతి దొంగతనం చేసినట్టు.

"అది కాదు మామ్మగారూ... నేనంటే నేనని కాదు... మా స్టూడియో అని..."

"తీసింది నీ పెళ్ళాం. ఏదీ, తాయారూ, లెగమ్మా. ఈ పిల్ల మా మధ్యనే కూచుంది, చేతిలో పసుపుడబ్బా అంత ఏదో పట్టుకుని."

వెనక వరసల్లో కూర్చున్న ఫొటోగ్రాఫర్లు పకపకా నవ్వారు. "పసుపుడబ్బాకి ఫస్టు ప్రైజంటరా!" అన్నాడెవడో. సంఘం అధ్యక్షుడు అందర్నీ కసిరి, తాయారుని వేదిక మీదికి రమ్మన్నాడు. ఆమె మెట్లెక్కుతుంటే బ్యాగులో నేను అటూ ఇటూ ఊగాను. భయంతో కాదు, సంతోషంతో.

"చెప్పమ్మా, ఎవరు తీశారు ఈ ఫొటో?"

తాయారు మైకుని తన వైపు వంచుకుంది. తర్వాత, "నేనేనండి" అంది. గొంతు చిన్నగా వచ్చింది. మళ్ళీ గట్టిగా అంది. "నేనే తీశానండి. ఆయన రాలేదు ఆ గదిలోకి."

ఆడవాళ్ళ వైపు నుంచి చప్పట్లు మొదలై హాలంతా పాకాయి. హిమజ తలెత్తింది. నా జన్మకి ఇది చాలనుకున్నాను. ఇంకొక్క మాట మిగిలింది, అంతే.

"ఏ కెమెరాతో తీశావమ్మా?"

తాయారు చెయ్యి బ్యాగులోకి వచ్చింది. నాకు బాగా తెలిసిన చెయ్యి. వేళ్ళు నా చుట్టూ బిగుసుకున్నాయి. నన్ను జిప్పు అంచు దాకా లేపింది. వేదిక మీది లైటు నా మీద పడింది. అప్పుడే సూరిబాబు ఆమె భుజం దగ్గరికి వచ్చి, పళ్ళ బిగువున గొణిగాడు. "పెద్దోడని చెప్పవే తాయారూ. నీకు దండం పెడతాను. అందరూ నవ్వుతున్నారు." వెనక వరసల్లో నిజంగానే ఇంకా నవ్వుతున్నారు. వేళ్ళు వదులయ్యాయి. నేను దువ్వెన మీదా తాళాల మీదా పడ్డాను.

"పెద్దదాంతోనేనండి" అంది తాయారు. "మా ఆయన అన్నీ సర్దిచ్చేరండి. నేను నొక్కేను."

"అదీ సంగతి! భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయండయ్యా" అన్నాడు అధ్యక్షుడు, గండం గడిచినట్టు. హిమజ మామగారు కూడా మెత్తబడ్డాడు. అందరూ క్షేమంగా బయటపడ్డారు. సూరిబాబు పరువు నిలబడింది. తాయారు పేరు సగమైనా దక్కింది. ఆ సగం కోసం ఆమె ఇచ్చుకున్నది నన్ను. ఎందుకిచ్చిందో నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన మంట చల్లారుతుందా? సూరిబాబు నన్ను కాదన్నప్పుడు నాకు అవమానం అనిపించింది, అంతే. తాయారు కాదన్నప్పుడు నాకు మోసం అనిపించింది. ఎందుకంటే అతనికి నేనేంటో తెలియదు. ఆమెకి తెలుసు.

ఆ తర్వాత స్టూడియో బోర్డు మారింది. అతని పేరు పక్కన ఆమె పేరు కూడా ఎక్కింది. పెళ్ళివాళ్ళు ఇప్పుడు తాయారు గారే రావాలంటున్నారు, వచ్చేటప్పుడు ఆ పెద్ద కెమెరా తేవాలంటున్నారు. ఆమె వాణ్ణి నేర్చుకుంది, బాగానే నేర్చుకుంది. కాదనను. ఇప్పుడామె నలుగు కలపదు, రెండు చేతులూ వాడికే సరిపోతాయి. ఆమె గదిలోకి అడుగు పెట్టగానే "జరగండి, జరగండి, ఫొటోగ్రాఫరమ్మ వచ్చింది" అని అందరూ పైటలు సర్దుకుని, మొహాలు తుడుచుకుని, వరసగా కూర్చుంటారు. ఫొటోలు నదురుగా, చూడముచ్చటగా ఉంటాయి. అందరూ ఒకేలాగా నవ్వుతారు. నేను మళ్ళీ అలమారలోకి వెళ్ళాను. ఇంట్లో ఆమె నవ్వు ఇదివరకటి కంటే ఎక్కువ వినిపిస్తోంది. అది విని నేను సంతోషించానని చెప్తే అబద్ధం.

ఒకరోజు నన్ను తీసి రాజమండ్రి తీసుకెళ్ళింది. ఈ పాత కెమెరాల కొట్టు జిలానీ గారిది. అప్పటి నుంచి ఇక్కడే, గాజు బీరువాలో ఉన్నాను. ఆ రోజు నన్ను ఇచ్చి, పెద్దోడికి ఇంకో లెన్సు తీసుకోవాలని తాయారు వచ్చింది. జిలానీ గారు కళ్ళజోడు పైకి తోసుకుని నన్ను అటూ ఇటూ తిప్పాడు. బటన్ సందుల్లో ఇంకా మిగిలి ఉన్న పసుపుని గోరుతో గీరాడు. పనిచేస్తోందో లేదో చూడాలని కార్డు పెట్టి, నన్ను తాయారు వైపు తిప్పాడు.

అప్పుడు చూశాను ఆమె మొహం. ఇన్నాళ్ళూ ఆమె నా వెనకే ఉంది. నేను చూసినవన్నీ ఆమె చూసినవే, కానీ ఆమెని నేను ఎదురుగా చూడలేదు. ఎడమ కనుబొమ మీద చిన్న మచ్చ ఉంది. కళ్ళ కింద నల్లగా ఉంది. పెదవులు ఏదో అనబోయి ఆగినట్టున్నాయి. జిలానీ గారు నొక్కాడు.

"మంచి కెమెరా అమ్మా. సెన్సారు పెద్దది. ఎందుకిచ్చేస్తున్నారు?"

"చిన్నదండి" అంది తాయారు. "దీంతో తీశానంటే ఎవరూ నమ్మరండి."

"మీరెప్పుడైనా చెప్పి చూశారా అమ్మా?"

ఆయన మామూలుగానే అడిగాడు. తాయారు లెన్సు డబ్బా బ్యాగులో పెట్టుకుంది. జిప్పు వేసుకుంది. వెళ్ళబోయి ఒక్కసారి నా వైపు చూసింది. నేను ఇంకా ఆమె మొహంలోకే చూస్తున్నాను, ఇప్పుడైనా దీంతోనే తీశానన్న మాట అంటుందేమోనని. జిలానీ గారు ఫొటో చెరిపేసి నా స్విచ్ ఆపేశాడు.